తోబుట్టువుల కళ్లు ఎవరు చూడాలి?

మా ఇంటి వాట్సాప్ గ్రూపులోకి ఈ మధ్య ఒక వీడియో వచ్చింది. ఎలుకల కంటి నరానికి మళ్లీ ప్రాణం పోశారని, నీటికాసులతో (డాక్టర్లు గ్లకోమా అనే కంటి నరపు జబ్బుతో) పోయిన చూపు ఇక తిరిగొచ్చేస్తుందని దాని సారాంశం. పెట్టింది మా చిన్నబాపు కొడుకు. కాసేపట్లో గ్రూపంతా కదిలింది. దండాలు, దీపాలు, "పెద్దబాపుకు చెప్పిన్రా?", "హైదరాబాద్ల చేస్తరా, మద్రాసు పోవాల్నా?" అని ప్రశ్నలు. అదే గ్రూపులో అంతకుముందు నేను పెట్టిన సందేశం ఒకటుంది. పెద్దబాపుకూ మా బాపుకూ ఈ జబ్బు బయటపడింది కాబట్టి వాళ్ల తోబుట్టువులూ, ముప్పై అయిదు దాటిన మనమూ ఒకసారి కళ్లు చూపించుకుందామని. దానికి కొన్ని బొటనవేళ్లు వచ్చి ఊరుకున్నాయి.

వీడియోలో ఉన్నది అబద్ధం కాదు. 2020 డిసెంబరులో హార్వర్డ్ పరిశోధకులు 'నేచర్' పత్రికలో రాసిన సంగతే అది. గ్లకోమా లాంటి స్థితి కల్పించిన ఎలుకల కంటి నర కణాల్లోకి మూడు జన్యువులు ఎక్కించి, పోయిన చూపులో కొంత రప్పించగలిగారు. ఆ మరుసటి ఏడాదే రేచీకటితో మొదలై దాదాపు పూర్తిగా చూపు పోయిన ఒక మనిషి, కాంతికి స్పందించే జన్యువును కంట్లోకి ఎక్కించుకుని, ప్రత్యేకమైన కళ్లద్దాల సాయంతో బల్ల మీద ఉన్న వస్తువులను గుర్తుపట్టి తాకగలిగాడు. పుట్టుకతో వచ్చే ఒక రకం అంధత్వానికి 2017లో అమెరికాలో అనుమతి పొందిన లక్స్‌టర్నా అనే జన్యు చికిత్స ఉంది. ఒక్కో కంటికి 4,25,000 డాలర్ల ధర పెట్టారు. ఇవన్నీ చదివినప్పుడు నాకూ ఒళ్లు పులకరిస్తుంది. బాపు బతికుండగా ఏదన్నా మందు రావాలని రోజూ కోరుకునే మనిషిని నేను.

అయినా నాకు గట్టిగా అనిపించేది ఒకటుంది. నీటికాసుల విషయంలో మనకు అందుబాటులో ఉండీ వాడుకోని గొప్ప ఆవిష్కరణ ఏ ల్యాబులోనూ లేదు. ఒకరికి ఈ జబ్బని తేలిన రోజే వాళ్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లల పేర్లు చీటీ మీద రాసి, వాళ్లను పరీక్షకు పిలిపించుకోవడమే అది. ఊరూరా ర్యాలీలు, "నలభై దాటిన ప్రతి ఒక్కరూ" అని ఫ్లెక్సీలు పెట్టే బదులు ఆ శ్రమంతా ఇక్కడ పెట్టాలంటాను. ఎందుకో, దీనికి అడ్డమొచ్చేవి ఏమిటో నాకు తెలిసినంత రాస్తాను.

పెద్దబాపు చీటీలు

పెద్దబాపు కంటి పొర (శుక్లం) తీయించుకుందామని పోయాడు. పొర తీస్తే చూపు మళ్లీ తేటగా అవుతుందనే ఆశ. డాక్టర్ కంటి వెనక నరం చూసి, కుడి కంటిది దాదాపు పోయింది, ఎడమ కంటిదన్నా నిలబెట్టుకుందామని చుక్కల మందు రాశారు. ఆ ఆసుపత్రికి ఆయన ఏళ్ల తరబడి తిరిగాడు. చీటీల కట్ట ఇప్పటికీ బియ్యం డబ్బా మీద ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఉంది. మొన్న ఊరికి పోయినప్పుడు ఒక్కొక్కటీ తిప్పి చూశాను. ప్రతి చీటీ మీదా రెండు కళ్ల ప్రెజర్ (కంటి లోపలి ఒత్తిడి) అంకెలు, చుక్కల పేర్లు, మళ్లీ రావాల్సిన తేదీ. షుగర్ ఉందా, బీపీ ఉందా అని అడిగి రాసుకున్నారు. మొట్టమొదటి చీటీ మీద 'కుటుంబంలో ఎవరికైనా' అనే గడి ఒకటి అచ్చేసి ఉంది. అందులో ఒక అడ్డగీత.

ఆ గీత కొట్టిన రోజున పెద్దబాపును మోపెడ్ మీద తీసుకుపోయి, అదే గది బయట బెంచీ మీద కూచున్నది మా బాపు. ఆయనను లోపలికి పిలిచి కంట్లోకి లైటు వేసి చూసి ఉంటే ఎంతసేపు పట్టేది?

ఆ రోజుల్లోనే బాపుకు పక్క చూపు తగ్గుతూ వచ్చి ఉంటుంది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అన్నీ కనిపిస్తాయి. ఎదురుగా వచ్చే మనిషిని ఆమడ దూరం నుంచి పేరు పెట్టి పిలిచేవాడు. పేపరు చివరి పేజీ దాకా చదివేవాడు. పక్కన పెట్టిన చెంబును మాత్రం కాలితో తన్నేవాడు. కల్లంలో మిర్చి బస్తాల మధ్య నడుస్తూ భుజం కొట్టుకునేవాడు. "కండ్లు నెత్తికెక్కినయా" అని అమ్మ కసిరేది. ఒకసారి పరకాల అంగడి దగ్గర పక్క గల్లీలోంచి వచ్చిన ఆటో ఆయన మోపెడ్‌కు తగిలింది. చుట్టూ మూగినవాళ్లు తాగి నడుపుతున్నాడనుకున్నారు. చుక్క ముట్టని మనిషి ఆయన. ఆ మాట పడ్డందుకు చాలా రోజులు అంగడికి పోలేదు.

ఆ తర్వాత కొంతకాలానికి ఎవరో దాతలు ఊళ్లో కంటి శిబిరం పెట్టారు. బాపు బోర్డు మీద చివరి వరుస దాకా చదివేశాడు. చత్వారపు అద్దాలు ఇచ్చి పంపారు. ఇంకో మూడు నాలుగేళ్లకు, మెట్లు దిగుతూ పడిపోయినప్పుడు, పట్టుబట్టి వరంగల్ తీసుకొచ్చి అన్ని పరీక్షలూ చేయించాం. ఫీల్డ్ టెస్టు (చూపు ఎంత మేర ఉందో కొలిచేది) చేసే మిషనులో గడ్డం ఆనించి, లోపల తెల్లటి గుండ్రటి గోడ మీద మిణుకుమనే చుక్క కనిపించినప్పుడల్లా చేతిలో ఉన్న బటన్ నొక్కాలి. "కనవడ్తెనే నొక్కాల్నా బిడ్డా, కనవడకున్నా నొక్కాల్నా?" అని అడిగాడు. కనబడితేనే అన్నాను. మిషను తన పని తాను చేసుకుపోతున్న చప్పుడు వినిపిస్తోంది. బాపు చేతిలో బటన్ చప్పుడు ఎంతసేపటికీ లేదు. కాగితం బయటికొచ్చాక చూస్తే అంతా నలుపు, నట్టనడుమ రూపాయి బిళ్లంత తెలుపు. ఆ తెలుపుతోనే ఆయన ఇన్నాళ్లూ బోర్డు మీద అక్షరాలు చదివాడు.

అక్షరాల బోర్డుకు చిక్కని జబ్బు

ఇది ఎవరి నిర్లక్ష్యమూ కాదనేవాళ్లున్నారు. కొంతవరకు నిజమే. కంటి నరంలో పది లక్షలకు పైగా పోగులుంటాయి. అంచుల నుంచి ఒక్కొక్కటిగా తెగిపోతున్నా మధ్యలో ఉన్న సూటి చూపు చివరిదాకా నిలిచే ఉంటుంది. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారదు. ఒక కంట్లో పోయిన ముక్కను ఇంకో కన్ను పూడుస్తుంది. మన తెలంగాణలో 2018 ఆగస్టు 15న మల్కాపూర్‌లో మొదలైన కంటి వెలుగు మొదటి విడతలోనే కోటిన్నర మందికి పైగా పరీక్షలు చేశారు. బీడీలు చుట్టే ఆడవాళ్లకు, మగ్గం మీద కూచునేవాళ్లకు అద్దాలొచ్చి చేతిపని నిలబడింది. దాన్ని నేను చిన్నచూపు చూడను. అంత పెద్ద పని దేశంలో ఎక్కడా జరగలేదేమో. అయితే అద్దాలు ఇవ్వడానికీ, పొరలు గుర్తించడానికీ పెట్టిన శిబిరం ఆ పనే బాగా చేయగలదు. నరం సంగతి తేలాలంటే కంటిపాప పెద్దది చేసి వెనక చూడాలి.

ఎల్వీ ప్రసాద్ కంటి సంస్థ 1996 నుంచి 2000 దాకా ఒక పెద్ద సర్వే చేసింది. హైదరాబాద్, పశ్చిమ గోదావరి, మహబూబ్‌నగర్, మన ఉత్తరాన ఆదిలాబాద్ జిల్లా ముథోల్ ప్రాంతం, అన్నిచోట్లా కలిపి పదివేల మందికి పైగా కళ్లను క్షుణ్ణంగా చూశారు. హైదరాబాద్‌లో ఎక్కువమందికి వచ్చే రకం గ్లకోమా దొరికినవాళ్లలో పదికి తొమ్మిది మందికి పైగా అప్పటిదాకా తమకు జబ్బుందనే తెలియదు. వాళ్లలో చాలామందికి పరీక్ష రోజున కంటి ప్రెజర్ మామూలుగానే ఉంది. అంటే ప్రెజర్ ఒక్కటి కొలిచి పంపినా జబ్బు జారిపోయేదే. ఇన్ని ఆసుపత్రులున్న నగరంలో అట్లా ఉంటే ముథోల్‌లో, ములుగులో, భూపాలపల్లిలో ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు.

అట్లయితే అందరికీ అన్ని పరీక్షలూ చేద్దామా? వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఒక లెక్క వేసి చూడండి. నలభై దాటిన 1000 మందిని పిలిచామనుకుందాం. అందులో 25 మందికి జబ్బుందనుకుందాం. మన పరీక్ష చాలా మంచిది, ఆరోగ్యంగా ఉన్న నూటిలో 95 మందిని సరిగ్గానే వదిలేస్తుందనుకుందాం. అయినా మిగిలిన 975 మందిలో 49 మందిని అనవసరంగా భయపెట్టి పెద్దాసుపత్రికి తోలుతుంది. అసలు రోగుల కంటే లేనిపోని అనుమానాలే రెట్టింపు. కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చి "నీకేం లేదు పో" అనిపించుకున్న మనిషి ఇంకోసారి పిలిస్తే వస్తాడా? ఏ పరీక్షలు అందరికీ చేయాలో సూచించే అమెరికా నిపుణుల బృందం 2013లోనూ 2022లోనూ ఒకే మాట చెప్పింది. ఏ లక్షణమూ లేని పెద్దలందరికీ గ్లకోమా పరీక్ష చేయమనడానికి గానీ వద్దనడానికి గానీ చాలినంత ఆధారం లేదని.

ఇప్పుడు అదే లెక్క తోబుట్టువులతో వేయండి. నెదర్లాండ్స్‌లో రోటర్‌డామ్ ఊరి జనం మీద చేసిన అధ్యయనం 1998లో వచ్చింది. గ్లకోమా ఉన్నవాళ్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో నూటికి 10.4 మందికి అదే జబ్బు కనిపించింది. జబ్బు లేనివాళ్ల తోబుట్టువుల్లో నూటికి 0.7. రోగి బంధువులకు జీవితకాలంలో జబ్బు వచ్చే అవకాశం 22 శాతం అని తేల్చారు, మిగతావాళ్ల బంధువులకు 2.3 శాతం. తోబుట్టువులు 1000 మందిని పిలిస్తే వంద మందికి పైగా నిజమైన రోగులు దొరుకుతారు, అనవసరంగా కంగారు పడేవాళ్లు 45 మంది. డాక్టర్లు అంతే, మిషన్లు అంతే, ఫలితం ఎక్కడికో పోయింది. డచ్చివాళ్ల అంకెలు మనకు అచ్చంగా అతకవని ఒప్పుకుంటాను. మన దగ్గర కంటిలో నీరు బయటికి పోయే మూల ఇరుకైపోయి వచ్చే రకం యూరప్‌లో కంటే ఎక్కువ. అయితే ఆ రకమూ రక్తసంబంధీకుల్లో వచ్చేదే.

2002 ముందు, తర్వాత

ముందుగా పట్టుకుంటే నిజంగా ఏమన్నా లాభముందా అనే ప్రశ్నకు చాలాకాలం గట్టి జవాబు లేదు. 1870ల నుంచి పైలోకార్పిన్, 1978లో టిమోలాల్, 1996లో లటానోప్రోస్ట్ వచ్చాయి. ప్రెజర్ తగ్గించే మందులు ఇన్ని ఉన్నా, ప్రెజర్ తగ్గిస్తే నరం నిలుస్తుందని మందు వేసినవాళ్లనూ వేయనివాళ్లనూ పక్కపక్కన పెట్టి చూపించిన రుజువు బలహీనంగా ఉండేది. ప్రెజర్ తగ్గించడం దండగ అని రాసిన డాక్టర్లూ ఉన్నారు. 2002లో స్వీడన్ నుంచి వచ్చిన అధ్యయనం ఆ వాదనను మూసేసింది. కొత్తగా జబ్బు పట్టుబడ్డవాళ్లలో సగం మందికి వెంటనే చికిత్స చేసి, మిగతావాళ్లను జాగ్రత్తగా గమనిస్తూ ఉన్నారు. ప్రెజర్ ఒక్క పాయింటు తగ్గినా జబ్బు ముదిరే ముప్పు దాదాపు పది శాతం తగ్గుతుందని తేలింది. అదే ఏడాది అమెరికాలో, ప్రెజర్ ఎక్కువుండి ఇంకా నరం చెడనివాళ్లకు చుక్కలు వేస్తే అయిదేళ్లలో జబ్బు పడేవాళ్లు 9.5 శాతం నుంచి 4.4 శాతానికి తగ్గారని చూపారు. 2019లో లండన్ వాళ్ల అధ్యయనం ఇంకో మెట్టు ఎక్కింది. చుక్కల కంటే ముందే లేజర్ చేస్తే నూటికి 74 మందికి మూడేళ్ల దాకా చుక్కల అవసరమే రాలేదు.

ఈ ఇరవై ఏళ్ల విజయాలన్నీ ఉన్న చూపును నిలబెట్టేవే. పోయినదాన్ని ఒక్కటీ తెచ్చివ్వదు. కాబట్టి ఏ మందు అన్నదానికంటే ఏ ఏడు దొరికింది అన్నదే మనిషి బతుకును తేలుస్తుంది. మా ఇంట్లోనే చూస్తున్నాను. బాపుకు చుక్కలు, ఆపరేషన్ అన్నీ అయ్యాక ఆ రూపాయి బిళ్లంత చూపు నిలిచింది. జమ్మికుంటలో ఉండే మా మేనత్తకు, మేం బలవంతం చేసి చూపిస్తే, ఎడమ కంట్లో ప్రెజర్ ఎక్కువగా, 28 ఉంది, ఫీల్డ్ టెస్టు మాత్రం నిండుగా వచ్చింది. ఆమె వాడేదీ అదే చుక్క, ఆమెకు పోయింది ఏమీ లేదు.

ఒక్క వాక్యం రాసిన డాక్టర్

పిల్లల్లో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. పుట్టుకతో వచ్చే గ్లకోమా పాశ్చాత్య దేశాల్లో దాదాపు పదివేల కాన్పుల్లో ఒకరికి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,300 కాన్పుల్లో ఒకరికి అని లెక్క కట్టారు. సీవైపీ1బీ1 అనే జన్యువులో లోపమే దీనికి ముఖ్య కారణమని 1997లో కనుక్కున్నారు. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ లోపం వస్తేనే జబ్బు. అందుకే మేనరికాలున్నచోట ఎక్కువ. ఒక బిడ్డకు వస్తే తర్వాతి ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉన్నట్టే. హైదరాబాద్‌లో ఈ పసికందుల ఆపరేషన్లకే జీవితం పెట్టిన డాక్టర్ అనిల్ కుమార్ మండల్‌కు 2003లో సైన్సుకు ఇచ్చే భట్నాగర్ పురస్కారం వచ్చింది. అంటే చికిత్స మనకు దగ్గరలోనే ఉంది.

మా ఊరికి ఆనుకుని ఉన్న ఊళ్లో ఒక మేనరికపు ఇల్లు ఉంది. తొలిచూలు కొడుకు ఆల్చిప్పల్లాంటి కళ్లతో పుట్టాడు. చూసినవాళ్లంతా దిష్టి తీయమన్నారు. ఎండలోకి తెస్తే తల్లి కొంగులో మొహం దాచుకునేవాడు, ఎప్పుడూ నీరు కారేది, నల్లగుడ్డు మీద నీలపు మబ్బు కమ్మినట్టు ఉండేది. పెద్దాసుపత్రికి పోయేసరికి ఏడాది దాటింది. ఆ బిడ్డకు చూపు దక్కలేదు. అయితే చూసిన డాక్టర్ చీటీ అడుగున ఒక వాక్యం రాసి, తల్లికి చదివి వినిపించారు. మళ్లీ బిడ్డ పుడితే మొదటి వారంలోనే తీసుకురమ్మని. ఆమె అట్లాగే తీసుకుపోయింది. రెండో బిడ్డ ఆడపిల్ల, ఆమెకూ అదే జబ్బు. నెల తిరగకముందే ఆపరేషన్ అయింది. ఆ పిల్ల ఇప్పుడు అద్దాలు పెట్టుకుని బడిలో ముందు బల్ల మీద కూచుని తన పుస్తకం తాను చదువుకుంటుంది. అన్నకు రాని చూపు చెల్లెకు రావడానికి మధ్యలో ఉన్నది ఆ వాక్యమే. పెద్దబాపు చీటీ మీద అడ్డగీత ఉన్నచోట అట్లాంటి వాక్యం ఉండి ఉంటే అని అనుకోకుండా ఉండలేను.

సంబంధాలు చెడతాయన్న భయం

నా మాటకు ఇంట్లోనే ఎదురుదెబ్బ తగిలింది. మేనత్త మనవరాలికి పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. గ్రూపులో నా సందేశం చూసి మేనత్త ఫోన్ చేసింది. "నువ్వు సదువుకున్నదానివి, నీకు తెల్వదా బిడ్డా? కండ్ల రోగపు వంశమని ఒక్క మాట పడ్డదంటే పిల్లకు సంబంధం కుదరది. నాకు మందు ఏస్కుంటున్న గద, ఊరంత చాటుడెందుకు?" ఆమెకు నేను ఎదురు చెప్పలేకపోయాను. ఆమె అన్నదాంట్లో నిజం ఉంది. మన దగ్గర సంబంధం చెడగొట్టడానికి ఇంతకంటే చిన్న మాటలు చాలు, ఆ నష్టం ఆడపిల్లే మోస్తుంది.

ఈ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేసేవాళ్లతో నేను కలవను. అందుకే ఆసుపత్రివాళ్లు నేరుగా బంధువులకు ఫోన్లు చేయకూడదని, ఆశా కార్యకర్త ఇంటిముందు నిలబడి పేర్లు అడగకూడదని నా అభిప్రాయం. రోగి చేతికే చీటీ ఇవ్వాలి. ఎవరికి చెప్పాలో, ఎట్లా చెప్పాలో వాళ్ల ఇష్టం. కానీ మేనత్తకు తర్వాత ఒక మాట చెప్పాను. సంబంధం మాట్లాడేటప్పుడు మనవాళ్లు మూడు తరాల పేర్లు, ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరికి షుగర్ ఉందో, ఎవరు దేనితో పోయారో చూడకుండా చెప్పేస్తారు. డాక్టర్‌కు కావలసింది సరిగ్గా ఆ జ్ఞానమే. ఇవాళ ఒకేసారి లక్షల జన్యు గుర్తులు చూసి గ్లకోమా ముప్పు చెప్పే పరీక్షలు వస్తున్నాయి. వాటిలో ఎక్కువ భాగం యూరప్ సంతతి మనుషుల లెక్కల మీద కట్టినవి. మన అవ్వల నోట్లో ఉన్న వంశావళి అంతకంటే చవక, మన ఇంటికి అంతకంటే దగ్గర. ఆమె ఒప్పుకున్నట్టే ఉంది. తన కొడుకుకు చెప్పింది కానీ కోడలికి చెప్పలేదు.

రెండో చిక్కు చుక్కలది. ముందుగా పట్టుకోవడమంటే ముప్పై ఏళ్లు మందు వేయించడం. "మంచిగ కనవడ్తంది, నొప్పి లేదు, మందెందుకు?" అని మేనత్త అడిగేది. జబ్బు లేనట్టే ఉన్న మనిషి రోజూ రాత్రి గుర్తుపెట్టుకుని చుక్క వేసుకోవాలి. ఆమె మంచం మీద వెల్లకిలా పడుకుని, ఒక చేత్తో కింది రెప్ప లాగి, వణికే ఇంకో చేత్తో సీసా నొక్కుతుంది. మొదటి చుక్క చెంప మీద పడుతుంది. కొంగుతో తుడుచుకుని ఇంకోటి వేస్తుంది. అది రెప్ప మీద పడుతుంది. నెల రావలసిన రెండున్నర మిల్లీలీటర్ల సీసా ఇరవై రోజులకే ఖాళీ. మూత తీయని సీసాను చల్లగా దాచాలన్నారని పక్కింటి ఫ్రిజ్‌లో పెడుతుంది, వాళ్లు ఊరికి పోతే తాళం. మందు రాసిచ్చే ముందు ఒకసారి వాళ్ల చేతే చుక్క వేయించి చూసే ఓపిక ఆసుపత్రుల్లో ఉండాలి. లేదంటే మొదటే లేజర్ గురించి మాట్లాడాలి. ఇది లేకుండా తోబుట్టువులందరినీ పట్టుకొచ్చినా వాళ్లు రెండో నెలలో మందు మానేస్తారు.

ఇంకో అనుమానం నన్ను ఇప్పటికీ వదలదు. బంధువులను పిలిచే పద్ధతి వ్యాపారంగా మారితే? చైనాలోని గ్వాంగ్‌జౌలో కంటి మూల ఇరుకుగా ఉండి ఇంకా జబ్బు రానివాళ్లు 889 మందికి ఒక కంటికి లేజర్ (చుక్కలకు బదులు చేసేది కాదు, ఇది వేరే రకం) చేసి, రెండో కన్ను వదిలేసి, ఆరేళ్లు చూశారు. 2019లో ఫలితాలొచ్చాయి. లేజర్ కొంత మేలు చేసిన మాట నిజమే. కానీ చేయని కళ్లలోనూ జబ్బు పడ్డవి చాలా తక్కువ. కాబట్టి ఇరుకు కనిపించిన ప్రతివాళ్లకూ లేజర్ అక్కర్లేదన్నారు. పరీక్షకొచ్చిన అన్నకూ చెల్లెకూ ఒకేసారి లేజర్ బిల్లు వేసే చోటు ఉండదని నేను హామీ ఇవ్వలేను. అందుకే ఈ పని ముందు ప్రభుత్వ కంటి ఆసుపత్రుల్లో మొదలవ్వాలంటాను. ఉచితంగా చూసే చోట అనవసరమైన లేజర్‌కు ఆశ ఉండదు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం వేరే ఉంది. నీటికాసులున్నవాళ్లలో ఎక్కువమంది తమ ఇంట్లో ఎవరికీ లేదనే చెబుతారు. మరి తోబుట్టువుల దారిలో పోతే వాళ్లంతా మిగిలిపోరా? మిగిలిపోతారు. ఈ దారి అందరినీ పట్టుకోదు. కానీ "ఇంట్లో ఎవరికీ లేదు" అన్న మాటలో ఎంత భాగం నిజం, ఎంత భాగం ఎవరూ చూడకపోవడం? పెద్దబాపు చీటీ మీద కూడా ఎవరికీ లేదనే ఉంది. పదిమందిలో తొమ్మిది మందికి తమ జబ్బు తెలియని చోట, తెలిసిన ఆ ఒక్కడి ఇంటి నుంచి మొదలుపెడితే తప్పేముంది? కెమెరాలు చవకయ్యి, ఫోటో చూసి కంప్యూటరే నరం సంగతి నమ్మకంగా చెప్పే రోజొస్తే అప్పుడు అందరి దగ్గరికీ పోదాం. షుగర్ వల్ల కంటి వెనక వచ్చే రక్తపు మచ్చలను కంప్యూటర్ ఇప్పటికే బాగా పడుతోంది. గ్లకోమా నరాన్ని పోల్చడం అంతకంటే కష్టం, మంచి నరమే మనిషికో తీరుగా ఉంటుంది.

పోయేటప్పుడు ఏం అడగాలి

మీ ఇంట్లో ఎవరికన్నా నీటికాసులు ఉంటే, లేదా చుక్కల మందు రోజూ వేసుకునే అన్నో అక్కో ఉంటే, వాళ్ల తర్వాతి చెకప్‌కు మీరు తోడు పోండి. మీ పేరు మీద కూడా చీటీ రాయించుకోండి. "మా అన్నకు గ్లకోమా ఉంది, నాకు చూడండి" అని మొదటి మాటగా చెప్పండి. అద్దాల నంబరు చూసి పంపితే ఊరుకోవద్దు. ప్రెజర్ కొలవాలి, కంటి మూల ఇరుకుందా లేదా అద్దం పెట్టి చూడాలి, అది బాగుంటే పాప పెద్దది చేసే చుక్కలు వేసి నరం చూడాలి, అనుమానం ఉంటే ఫీల్డ్ టెస్టు చేయాలి. మూల చూడకుండా పాప పెద్దది చేసే చుక్కలు వేస్తుంటే ఆపి అడగడానికి మొహమాటపడొద్దు. ఇరుకు మూల ఉన్న కంటికి ఆ చుక్కలతో ఒక్కసారిగా ప్రెజర్ పెరగొచ్చు.

ఇంకొకటి. దురద వేసినా, కన్ను ఎర్రబడినా మందుల షాపుకు పోయి చుక్కలు తెచ్చుకునే అలవాటు మన ఊళ్లలో ఉంది. ఆర్ఎంపీలు కూడా ఇస్తారు. వాటిలో స్టెరాయిడ్ ఉన్నవి రోజుల తరబడి వేసుకుంటే కొందరికి కంటి ప్రెజర్ పెరుగుతుంది. గ్లకోమా ఉన్నవాళ్ల రక్తసంబంధీకుల్లో ఇట్లా పెరిగేవాళ్లు ఇంకా ఎక్కువ. మీ ఇంట్లో ఈ జబ్బుందని తెలిసినప్పుడు పిల్లలకైనా ఆ చుక్కలు డాక్టర్ రాయందే వేయకండి.

పాప పెద్దది చేశాక కొన్ని గంటలు మసకగా ఉంటుంది, బండి నడపొద్దు. ఆ రోజు కూలికి పోలేరు కాబట్టి దానికి తగ్గట్టు చూసుకుని పోండి. అన్నీ బాగున్నాయంటే సంతోషమే. అయినా మళ్లీ ఏడాదికి రావాలో రెండేళ్లకు రావాలో అడిగి, ఆ తేదీ చీటీ మీద రాయించుకునే బయటికి రండి.